హాన్లేలో నాలుగో చుక్క

మంచుతో నా కాపురం ముప్ఫై ఏళ్ళది. మోండా మార్కెట్ వెనక సందులో మాది ఐసు దుకాణం. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన దిమ్మలను రంపపు పొట్టులో పెట్టి, గోనె సంచులు కప్పి, చేపలవాళ్ళకీ సోడా బండ్లవాళ్ళకీ కొట్టి అమ్ముతాం. అలాంటి నేను ఫిబ్రవరి చివర్లో లదాఖ్ పోయి వచ్చానంటే మార్కెట్‌లో అందరూ నవ్వారు. ఇక్కడ ఐసు సరిపోలేదా అని అడిగారు. నేను పోయింది అక్కడి మంచు కోసం కాదు. గురుగ్రహం చుట్టూ తిరిగే మంచు చందమామల కోసం.

నాకు యాభై ఐదో ఏట అక్షరాలు వచ్చాయి. మౌలాలిలో మా ఇంటి దగ్గర చర్చి హాలులో సాయంత్రాలు సుగుణ టీచరమ్మ చదువు చెప్పేవారు. ఆమెది భీమవరం వైపు. రైల్వే బడిలో పాఠాలు చెప్పి రిటైరయ్యారు. మొదటి నుంచి చివరి దాకా నేను సొంతంగా చదివిన మొదటి పుస్తకం పిల్లల బొమ్మల పుస్తకం. గురుగ్రహానికి చాలా చందమామలున్నాయనీ, పెద్దవి నాలుగనీ అందులో ఉంది. అయో, యూరోపా, గనిమీడ్, కాలిస్టో. మొదటిది నిప్పు కక్కుతుంది, మిగతా మూడూ మంచు గడ్డలు. యూరోపా మంచు కింద సముద్రం ఉందని శాస్త్రవేత్తలు అనుకుంటున్నారు. దాన్ని చూడటానికి ఒక అంతరిక్ష నౌకా, గనిమీడ్ కోసం ఇంకో నౌకా బయల్దేరాయి. ఇంకా దారిలోనే ఉన్నాయి.

ఆ పేజీ మా ఆయన రాములుకి చదివి వినిపించాను. ఆయన గోనె సంచి దులుపుతూ, "ఎవడు పోయి చూసిండే?" అన్నాడు. "పుస్తకపోళ్ళదేం పోయింది, నాలుగంటరు, నలభై అంటరు."

ఆ మాట నాకు పట్టుకుంది. అప్పటివరకు నేను చదివిందల్లా సరిచూసుకోగలిగాను. బస్సు మీద మౌలాలి అని ఉంటే అది మౌలాలికే పోయేది. సబ్బు మీద వేప అని ఉంటే వేప వాసన వచ్చేది. సరిచూసుకోలేనిది చదవడం ఇదే మొదలు. నాలుగూ కంటితో చూసేదాకా ఇంకో పుస్తకం ముట్టనని టీచరమ్మకు చెప్పేశాను.

ఆమె నవ్వుతారనుకున్నాను. నవ్వలేదు. ఎవరినో అడిగి ఒక టెలిస్కోప్ తెచ్చి మా మేడ మీద పెట్టారు. పక్కన ఫంక్షన్ హాలు లైట్లు, పైన పొగమంచు. ఒక పసుపు మరక వణికింది. "గిదేనా?" అన్నాను. టీచరమ్మ గొట్టానికి మూత పెట్టేశారు. తర్వాత, "చీకటి ఎక్కడుందో అక్కడికే వెళ్దామండీ సత్తెమ్మా" అన్నారు.

ఢిల్లీ రైలు

ఎదురు సీట్లో వరంగల్ దగ్గరి పిల్లగాడు ఒకడు, సైన్యంలో పనిచేస్తాడట, సెలవు అయిపోయి లేహ్ పోతున్నాడు. మేమూ అక్కడికే అనేసరికి లేచి కూర్చున్నాడు.

"గా చలికి మీరేం పోతరమ్మా? మాకైతే జీతమిస్తరు."

"చుక్కలు చూడనికి పోతున్నం బిడ్డా."

"మన దిక్కు లేవా చుక్కలు?"

"ఉన్నయ్. లైట్లు సుత ఉన్నయ్."

వాడు జొన్నరొట్టె తుంచుకున్నాడు. డ్యూటీలో రోజూ చుక్కల కిందే నిలబడతాననీ, ఒక్కసారి కూడా తల ఎత్తలేదనీ చెప్పాడు. "తలెత్తితే మెడలకెల్లి చలి దూరుతది" అన్నాడు. ఢిల్లీలో దిగేముందు తన ఉన్ని మఫ్లర్ టీచరమ్మకు ఇచ్చాడు. వద్దంటే వినలేదు.

లేహ్

ఢిల్లీలో ఎక్కిన విమానం లేహ్‌లో దిగగానే మొదట తెలిసింది చలి కాదు, గాలి తక్కువని. నాలుగు మెట్లు ఎక్కితే నలభై మెట్లు ఎక్కిన ఆయాసం. మూడు రోజులు పడుకుని ఉండమన్నారు. ఉన్నాం. కిటికీలోంచి చూస్తే ఆకులేని పోప్లర్ చెట్లు, వాటి వెనక గోధుమరంగు కొండలు, ఆ పైన పలచగా మంచు. ఎవరో సగం గీసి వదిలేసిన బొమ్మలా ఉంది ఊరంతా.

అక్కడ చలికాలం కుళాయిలు ఉండవు. గొట్టాలు పగులుతాయని నీళ్ళు కట్టేస్తారు. ట్యాంకర్ వస్తుంది, క్యాన్లు పట్టుకుని అందరూ పోతారు. అది చూసి నాకు మౌలాలిలో మే నెల గుర్తొచ్చింది. టమాటా ధర అడిగితే మోండాలో నాలుగు కిలోలు వచ్చే డబ్బుకి కిలో చెప్పింది దుకాణం అమ్మాయి. "విమానంల వచ్చింది కదా, టికెట్ పైసలు" అని నేను హైదరాబాదీ హిందీలో అంటే పకపకా నవ్వింది. వద్దనడానికి నా 'నక్కో', అవుననడానికి నా 'హౌ' అక్కడ బాగా చెల్లాయి. టీచరమ్మ బడి హిందీకి ఎవరూ నవ్వలేదు, జవాబూ సరిగ్గా చెప్పలేదు.

చాయ్ దగ్గర నాకు తిప్పలొచ్చింది. వెన్నా ఉప్పూ వేసి చిలికిన చాయ్ వాళ్ళది. మా దగ్గర కప్పులో చాయ్ వదిలేస్తే పెట్టినవాళ్ళకు కోపమొస్తుంది. కాబట్టి అడుగుదాకా తాగేశాను. మేం దిగిన ఇంటావిడ వెంటనే నింపింది. మళ్ళీ తాగేశాను. మళ్ళీ నింపింది. ఆరోసారో ఏడోసారో టీచరమ్మ చెవిలో చెప్పారు, "సత్తెమ్మా, వాళ్ళ దగ్గర ఖాళీ కప్పు ఉంచకూడదటండీ. ఇక చాలనుకుంటే నిండా వదిలేయాలి." ఆ రోజంతా కడుపులో ఉప్పు సముద్రం కదులుతూనే ఉంది.

చుమథాంగ్

మా డ్రైవర్ పేరు నామ్గ్యాల్. మాట తక్కువ. పలకరిస్తే 'జూలే' అంటాడు, సెలవు తీసుకున్నా 'జూలే' అంటాడు. చీకటికి పేరుపడ్డ హాన్లే ఊరికి సింధు నది పక్కనే దారి. నది రెండు అంచులా గడ్డకట్టి, నడుమ సన్నగా ఆకుపచ్చ నీళ్ళు పారుతున్నాయి. కొన్నిచోట్ల ఆ సందు కూడా మూసుకుపోయింది. కారు ఆపి చెవిపెడితే మంచు కింద నీళ్ళ చప్పుడు, మూసిన తలుపు వెనక ఎవరో మెల్లగా మాట్లాడుకుంటున్నట్టు.

చుమథాంగ్‌లో నది ఒడ్డునే వేడినీళ్ళు ఉబుకుతాయి. చుట్టూ మంచు, మధ్యలో పొగలు. ఒక ముసలాయన గుడ్లు గుడ్డలో కట్టి ఆ నీళ్ళలో వేలాడదీసి అమ్ముతున్నాడు. చేతులు ముంచితే ప్రాణం లేచి వచ్చింది. యూరోపా సముద్రం అడుగున కూడా ఇలాగే వేడి ఊటలు ఉండవచ్చని పుస్తకంలో ఉందని టీచరమ్మకు గుర్తుచేశాను.

"ఉండవచ్చు అనే రాశారు కదా, ఉన్నాయని రాయలేదుగా?"

"హౌ. ఉండవచ్చు అనే రాసిండ్రు."

"మరి నిజాయితీగానే రాశారు కదండీ."

నేను గుడ్డు ఒలుచుకున్నాను. ఆమె నన్ను మెల్లగా ఒప్పించడానికి చూస్తున్నారని తెలుసు.

హాన్లే, మొదటి సాయంత్రం

విశాలమైన బయలు, నడుమ మట్టిరంగు ఇళ్ళు కొన్ని, గుట్ట మీద తెల్లటి మఠం. ఆ ఊళ్ళో చీకటిని మనం నీళ్ళను కాపాడుకున్నట్టు కాపాడుకుంటారు. కిటికీలకు నల్ల తెరలు, వీధిలో దీపాలు లేవు, చేతి దీపాలకు ఎర్ర కాగితం. చుక్కలు చూడటానికి వచ్చేవాళ్ళ కోసం ఊరివాళ్ళకే టెలిస్కోప్‌లు ఇచ్చి నేర్పారు. మేం దిగిన ఇంటి డోల్మాకూ ఒకటి ఉంది. ముప్ఫై దాటిన మనిషి, చలికి కందిన బుగ్గలు, గొర్రెల మందను చూసుకుంటుంది. నన్ను 'అమా-లే' అని పిలిచింది. అమ్మగారూ అని దాని అర్థం.

పొయ్యి పక్కన పెద్ద రేకు డబ్బా ఒకటి కనిపించింది. గోనె చుట్టి, పైన రెండు దుప్పట్లు కప్పి, తాడుతో కట్టి ఉంది. అలా కట్టిన దాన్ని చూస్తే నాకు ఇంకేం తోస్తుంది? పొయ్యి పక్కన ఐసు పెట్టారు, పాపం, తెలియక, అనుకున్నాను. డోల్మా గొర్రెల దగ్గరికి పోయింది. టీచరమ్మ తలనొప్పిగా ఉందని పడుకున్నారు. లోపల నీళ్ళు తొణికితే ఐసు కరుగుతోందనుకుని, డబ్బాను ఈడ్చి ఈడ్చి బయటి అరుగు మీదికి చేర్చాను. బయటి చలిలో ఐసుకి కప్పు అక్కర్లేదని గోనె, దుప్పట్లు విప్పి లోపల మడతపెట్టాను. మంచి పని చేశాననే అనుకున్నాను.

ఆ సాయంత్రం మబ్బు. డోల్మా టెలిస్కోప్‌కి కప్పిన గుడ్డ కూడా తీయలేదు. ఆకాశం కింద కుర్చీ వేసుకుని కూర్చున్నాను. మబ్బు వెనక ఎక్కడో ఆ నాలుగూ తిరుగుతూ ఉంటాయి. ఉంటే.

డబ్బా

పొద్దున డోల్మా చాయ్ కోసం నీళ్ళు వెతుక్కుంటే నా ఘనకార్యం బయటపడింది. నేను బయట పెట్టింది ఇంటికంతా రెండు రోజులకు దాచిన నీళ్ళు. చేతి పంపు గడ్డకట్టింది కాబట్టి వాళ్ళు వాగు దగ్గర మంచు పగలగొట్టి మోసుకొస్తారట. నాకు నేలలోకి కుంగిపోవాలనిపించింది.

డోల్మా కాసేపు డబ్బాను చూసింది, కాసేపు నన్ను చూసింది. "నీళ్ళకెందుకు చలి పెట్టావు, అమా-లే?"

మాది ఐసు దుకాణమనీ, మేం గోనె కప్పేది ఐసు కరగకుండా ఉండటానికనీ చెప్పాను. అర్థమయ్యాక ఆమె నవ్వు మొదలుపెట్టింది. గోడ పట్టుకుని నవ్వింది. పక్కింటావిడను పిలిచి వాళ్ళ భాషలో చెప్పింది, ఆమె కూడా గోడ పట్టుకుంది. "మేం నీళ్ళు మంచు కాకుండా కప్పుతాం. మీరు మంచు నీళ్ళు కాకుండా కప్పుతారు. దుప్పటికి ఏం తెలుస్తుంది, పాపం" అంది.

వేలితో డబ్బా మీద కొట్టి చూశాను. పూర్తిగా గట్టిపడలేదు. ఫ్యాక్టరీలో ఇలాంటివి తొందరపడి తీస్తే 'కడుపు దిమ్మ' అంటాం. ఐసు ఎప్పుడూ బయటి నుంచి లోపలికి కడుతుంది. అన్నిటికంటే చివర గట్టిపడేది నడుమ. టీచరమ్మ కోసం రాత్రి ఫ్లాస్కులో పోసి ఉంచిన కాసిన్ని వేడినీళ్ళు అడిగి డబ్బా చుట్టూ పోసి, ఇద్దరం కలిసి బోర్లించాం. దిమ్మ జారి బయటికొచ్చింది. ఎండలో పెట్టాం. అంచులు గాజులా ఉన్నాయి. కొంచెం వంచితే లోపల ఒక గాలి బుడగ ఈ కొస నుంచి ఆ కొసకి మెల్లగా నడిచింది.

టీచరమ్మ మఫ్లర్ చుట్టుకుని గుమ్మంలోకి వచ్చారు. మొహం పాలిపోయి ఉంది. దిమ్మను చూసి అక్కడే నేల మీద కూర్చుండిపోయారు. "ఇంకోసారి వంచండి" అన్నారు. వంచాను. బుడగ మళ్ళీ నడిచింది.

"యూరోపా ఇదేనండీ" అన్నారు మెల్లగా. "పైన మంచు. లోపల నీళ్ళు."

నామ్గ్యాల్ ఇనుప చువ్వ తెచ్చాడు. కన్నం పెడితే నీళ్ళు చిమ్మాయి. గిన్నె పట్టాం. ఆ నీళ్ళతోనే చాయ్ అయింది. అలా కడుపులో దాగిన నీళ్ళు నేను ఎన్నిసార్లో మోరీలో పారబోశాను. తాగడం అదే మొదటిసారి.

రెండో సాయంత్రం

మబ్బు విడిపోయింది. కానీ టీచరమ్మకు తలనొప్పి పెరిగింది. వేలికి పెట్టి ఆక్సిజన్ చూసే చిన్న మిషన్‌లో అంకె మధ్యాహ్నం కంటే తగ్గింది. నామ్గ్యాల్ కారులోని సిలిండర్ తెచ్చి ఆమె ముక్కుకి పెట్టాడు. ఇక ఇక్కడ ఉండకూడదు, కిందికి దిగాల్సిందే, ఇప్పుడే అన్నాడు.

"పొద్దున పోదాంలే నాయనా" అన్నారు టీచరమ్మ. "ఈవిడ చూడకుండా వెళ్తే మళ్ళీ పుస్తకం పట్టుకోదు."

"పుస్తకం ఎక్కడికీ పోదు. మీరు పోతారు" అన్నాడు నామ్గ్యాల్. అతను అంత పొడుగు మాట అనడం మేమెప్పుడూ వినలేదు.

కారు అంత తొందరగా కదలదు. చలికి డీజిల్ చిక్కబడుతుంది. ఒక రేకులో నిప్పులు పోసి ట్యాంకు కింద పెట్టి, ఇంజను వేడెక్కే దాకా కాచుకోవాలి. అంతసేపే నాకున్నది. డోల్మా నన్ను చెయ్యి పట్టుకుని ఇంటి వెనక్కి తీసుకుపోయింది.

ఆ ఆకాశం గురించి ఏం చెప్పను. చుక్కలు ఎక్కువై, వాటి మధ్య నలుపు తక్కువైంది. తల ఎత్తితే నేల కాళ్ళ కింద నుంచి మెల్లగా తప్పుకుంటున్నట్టనిపించింది. నడినెత్తికి దగ్గరగా ఒకటి, అన్నిటికంటే పెద్దది, వణకకుండా ఉంది. డోల్మా టెలిస్కోప్‌ని దానివైపు తిప్పి, నా తలను రెండు చేతులతో పట్టుకుని గొట్టం దగ్గర పెట్టింది.

గురుగ్రహం. గోధుమరంగు గీతలతో చిన్న గుండ్రటి బిళ్ళ. దాని పక్కన ఒకే వరుసలో, దారానికి గుచ్చినట్టు, చుక్కలు. ఊపిరి బిగబట్టి లెక్కపెట్టాను. ఒకటి. రెండు. మూడు.

మళ్ళీ లెక్కపెట్టాను. మూడే.

"నాలుగు లేవు" అన్నాను.

"యూరోపా గురుగ్రహం నీడలో ఉంది" అంది డోల్మా. "కాసేపట్లో వస్తుంది."

నేను దేనికోసం వచ్చానో అదే లేదు. అడిగితే వస్తుందంటున్నారు. నాకు రాములు గోనె దులిపే చప్పుడు చెవిలో వినిపించింది. అంతలో ఇంటి ముందు ఇంజను ఒకసారి దగ్గి, స్టార్టయింది.

లోపలికి పోయాను. టీచరమ్మ పొయ్యి పక్కన కళ్ళు మూసుకుని ఉన్నారు. పెదాలు నల్లబడ్డాయి. నాకు భయమేసింది.

"పోదాం టీచరమ్మా. మూడు చూసిన. సాలు."

"మూడేనా?"

"మూడే. ఇంకోటి నీడల ఉన్నదంట."

ఆమె కళ్ళు తెరిచారు. "మూడు చూసి వెళ్తే మీకు జన్మంతా మూడే గుర్తుంటాయి. కారు వేడెక్కనివ్వండి. నన్ను ఎక్కిస్తారు, సామాను ఎక్కిస్తారు. అంతలోపల వెళ్ళి నిలబడండి."

"మీ పానం కన్నా ఎక్కువనా గది?"

"మీరు ఇక్కడ నిలబడితే నా ప్రాణానికి ఏం ఒరుగుతుందండీ? సామాను మోస్తారా, వాళ్ళు మోస్తున్నారుగా. వెళ్ళండి."

టీచరమ్మ గొంతు అలా గట్టిగా వినబడటం క్లాసులో కూడా అరుదు. పోయాను.

గొట్టంలోంచి చూస్తూ నిలబడ్డాను. కంటి వెంట్రుకలు ఒకదానికొకటి అంటుకుంటున్నాయి. వస్తే గురుగ్రహం అంచు వెనక నుంచి వస్తుందని, ఆ అంచునే చూస్తున్నాను. అంచు అలాగే ఉంది. వెనక నామ్గ్యాల్ తలుపులు వేస్తున్న చప్పుడు. డోల్మా నా చెవి దగ్గర, "అంచు కాదు, అమా-లే. కొంచెం పక్కకి, నీడ అక్కడిదాకా ఉంది. ఏమీ లేని చోటు చూడు" అంది.

ఏమీ లేని చోటు చూశాను.

అక్కడ మొదట ఏదో ఉన్నట్టూ లేనట్టూ అనిపించింది. నా కంటి దోషమనుకుని రెప్ప వేశాను. తెరిచేసరికి సన్నని వెలుగు, సూది మొనంత. అది పెరిగింది. ఎవరూ తేలేదు, ఎక్కడి నుంచీ నడిచి రాలేదు. ఒత్తి పెంచిన దీపంలా, ఉన్నచోటే మెల్లగా వెలిగి, మిగతా మూడింటి వరుసలో నిలబడింది.

ఒకటి. రెండు. మూడు. నాలుగు.

అంత దూరాన, అంత మంచులో, ఇన్నాళ్ళూ అది అక్కడే ఉంది. రాములు నమ్మనప్పుడు ఉంది, మా మేడ మీద పసుపు మరక వణికినప్పుడు ఉంది, ఇప్పుడు నేను మూడే అన్నప్పుడు కూడా ఉంది.

డోల్మాను గట్టిగా పట్టుకుని, "జూలే" అన్నాను. వాళ్ళ భాషలో నాకు వచ్చింది ఆ ఒక్క మాటే. కారు దగ్గరికి పరిగెత్తాను.

కిందికి

దారంతా టీచరమ్మ తల నా భుజం మీద ఉంది. "ఎన్ని?" అని ఒక్కసారే అడిగారు. చెప్పాను. తర్వాత నిద్రపోయారు. నామ్గ్యాల్ ఎక్కడా ఆగలేదు. లేహ్ ఆసుపత్రిలో ఒక రాత్రి ఉంచుకున్నారు. పొద్దున్నకి పెదాల్లో ఎరుపు వచ్చింది, చాయ్ అడిగారు, ఉప్పు లేనిది. అది తాగుతూ, నేను అనుకున్నదే అడిగారు.

"ఇంటికి వెళ్ళాక ఏం చదువుతారు?"

"ముందు రాస్త" అన్నాను. "తర్వాత చదువుత."

రాయడం అంత సులువు కాదని ఇప్పుడు తెలిసింది. ఇది చదివే మీరు హాన్లే పోలేదు. నేను అచ్చులో చెప్పింది మీరు సరిచూసుకోలేరు. నమ్మాలి, లేదంటే మీలో ఎవరి ఇంట్లోనో ఎవరో గోనె దులుపుతూ, ఎవరు పోయి చూశారు అంటారు. అందుకని రాసింది టీచరమ్మకు ఇచ్చేముందు మొత్తం మళ్ళీ చదివాను. యూరోపా మంచు నీలంగా మెరిసిందని ఒకచోట రాశాను, బాగుంటుందని. దాని మీద గీతలు కనిపించాయని కూడా రాశాను. అవి పుస్తకంలో బొమ్మలో ఉన్నాయి, నేను చూడలేదు. రెండూ కొట్టేశాను. మంచు కింద నీళ్ళున్నాయో లేదో నౌక పోయి చెప్పాలి. నాకు తెలియదు.

నేను చూసింది ఒక చుక్క. తెల్లగా ఉంది.